పీరు ఎత్తే ఇల్లు

తెల్లవారకముందే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పరుగు మొదలుపెట్టిన నజ్మాను పోయిన వారం కథలో సిరివెళ్ల మెట్ట దాటాక, రోడ్డు పక్క శనగచేని గట్టు మీద పడి ఉండగా వదిలాం. నీళ్లసీసాలు, అరటిపండ్లు పెట్టుకుని ఆమె వెనకాలే స్కూటర్ మీద వస్తున్న గురుమూర్తి శెట్టి బండిని అక్కడే పడేసి ఉరికి వచ్చాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఎంత దూరమో మారథాన్ కూడా ఇంచుమించు అంతేనని నజ్మా అన్న ఇర్షాద్ చెప్పేవాడు. హైదరాబాదు మారథాన్‌కని సాధన మొదలుపెట్టి, మోకాలు నొప్పి అని సగంలో వదిలేశాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే, పీర్ల పండగలో, చేతుల్లో పీరుతో నిప్పుల గుండం చుట్టూ ఉరుకుతూ పడిపోయి మళ్లీ లేవలేదు. పీరుస్వామే తీసుకుపోయాడని ఊరంతా అంది. నజ్మా కూడా అదే నమ్మింది. అన్న నలభై రోజుల ఫాతెహా అయిన మర్నాడు అతను వదిలేసిన పరుగును తాను ఎత్తుకుంది.

గురుమూర్తి స్కూటర్ మీద ఎక్కించుకుని తేగా, ఇప్పుడామె ఆళ్లగడ్డలో, ఇర్షాద్ భార్య ముబశ్శిరా ఇంట్లో నవారు మంచం మీద పడుకుని ఉంది.

ఆ ఇల్లు శిల్పులు రాయి చెక్కే షెడ్ల వెనక సందులో ఉంటుంది. పొద్దెక్కితే చాలు, ఉలి చప్పుడు. ఇర్షాద్ బతికున్నప్పుడు ముందుగదిలోనే పరుపుల అంగడి నడిచేది. ఇప్పుడు దూది ఏకే మిషను మీద పాత దుప్పటి కప్పి, దాని పక్కనే కుట్టుమిషను వేసుకుని ముబశ్శిరా దిండ్లకు గలేబులు కుడుతోంది.

"తాగు" అని ఉప్పు వేసిన మజ్జిగ ఆడబిడ్డ చేతికిచ్చింది.

గురుమూర్తి గడప బయటే నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. నంద్యాలలో కిరాణా అంగడి ఆయనది. చక్కెర జబ్బు వచ్చిందని డాక్టరు నడవమంటే నడిచి నడిచి, ఆ నడకనే పరుగు చేసుకున్న మనిషి. నంద్యాలకు వచ్చినప్పుడల్లా ఇర్షాద్‌కూ, ఆ తర్వాత నజ్మాకూ పరుగు నేర్పింది ఆయనే.

"ఉరికింది నువ్వు, ఆయాసం నాకు. నీకో దండం తల్లీ. ఇంగ నేను బ్యాళ్లు, బెల్లం అమ్ముకుని బతుకుతా."

"ఎండదెబ్బ అన్నా, అంతే. నీళ్లు సరిగ్గా తాగలే."

"ఎండ యాడుంది మా? చేలమీద మంచు కూడా ఇడవలే" అని గురుమూర్తి గొంతు తగ్గించాడు. "నీ కండ్లు పైకి పోయినాయి నజ్మా. పీర్ల పండగలో మీ అన్నకు పోయినట్లే. నాకు ఒళ్లు జలదరించె. మీ నాయనకు ఫోన్ చేసి అదే చెప్పినా."

ముబశ్శిరా చెంబు కింద పెట్టి గడప దగ్గరికి వచ్చింది.

"మామకు చెప్పినావా? ఏమని చెప్పినావన్నా?"

"ఉన్నది ఉన్నట్ల చెప్పినామ్మా. స్వామి ఏమో అనిపించింది, ఆ మాటే చెప్పినా. ఆయప్ప ఏడ్సుకుంటా బస్సెక్కినాడు."

ముబశ్శిరా ఇంకేదో అడగబోయి ఆగింది. అంగడి తాళాలు తన దగ్గరే ఉండిపోయాయని గుర్తొచ్చి గురుమూర్తి స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "మళ్లా ఉరకల్లంటే ముందు నన్ను అడుగు, నేను వద్దంటా" అని నవ్వించబోయాడు.

వదిన మౌనం నజ్మాకు కొత్త కాదు. తాను పరుగు మొదలుపెట్టిందని తెలిసిన దగ్గర్నుంచీ ముబశ్శిరా ఉరకొద్దనే చెబుతోంది. ఎందుకని అడిగితే చెప్పదు. భర్త చేయలేని పని ఆడబిడ్డ చేస్తోందని ఓర్వలేకపోతోందేమోనని నజ్మా ఒకటి రెండుసార్లు మనసులో అనుకుంది కూడా. అనుకున్నందుకు సిగ్గుపడింది, అయినా పరుగు మానలేదు. తెల్లవారుజామున కె.సి. కాలువ గట్టు మీద ఉరికేటప్పుడు, ఆయాసం గొంతు దాకా వచ్చినప్పుడు, పక్కనే అన్న ఊపిరి వినిపించేది ఆమెకు. వార్డు సచివాలయంలో పగలంతా జనాల దరఖాస్తులు చూసే మనిషికి అన్నతో గడిపే వేళ అదొక్కటే.

పెరట్లో దండెం మీద బడి యూనిఫాం ఆరేసి ఉంది.

"హమీదా బడికి పోలేదా వదినా?"

"పోయింది. ఈ పొద్దు యూనిఫాం వద్దన్నారంట, రంగుబట్టలేసుకుని పోయింది. ఏం పండగనో ఏమో, అడిగితే నవ్వుతాది."

నజ్మా గ్లాసు వెనక పెదవులు దాచుకుంది. హమీదాబీ ఇర్షాద్ కూతురు. రెండో తరగతి. నజ్మా చిన్నప్పుడే చనిపోయిన ఆమె తల్లి పేరు ఆ పిల్లకు పెట్టారు. పోయిన ఆదివారం ఫోన్లో గుసగుసగా చెప్పింది: "అత్తా, శనివారం మా బడిలో ఆటల పోటీలు. ఉరుకుడు పందెంలో పేరిచ్చినా. అమ్మకు చెప్పొద్దు, కప్పు తెచ్చి సూపిస్తా." ముబశ్శిరా పిల్లను సందులో కూడా ఉరకనివ్వదు. ఆ కట్టడి నజ్మాకు నచ్చేది కాదు. చెప్పనని మాటిచ్చింది. పోయిన నెల తాను కొనిచ్చిన తెల్లబూట్లు వేసుకొమ్మని కూడా చెప్పింది.

నజ్మా తండ్రి హుస్సేన్ పీరా వచ్చేసరికి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ముసలాయన కనుబొమల్లో, మీసాల్లో ఎప్పటిలాగే దూదినూగు. నంద్యాలలో పరుపులు కుట్టే అంగడి నుంచి ఉన్నపళంగా లేచి వచ్చినట్టున్నాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా వచ్చి కూతురి కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. బూట్లు విప్పాడు. మేజోడు లాగాడు. వేళ్ల సందుల్లోంచి చెమటకు ముద్దకట్టిన దూది ఊడి వచ్చింది. బొబ్బలు రాకుండా నజ్మా రోజూ పెట్టుకునే దూది. దాన్ని ఆయన బొటనవేలితో నలిపి చూశాడు.

"ఇది నేను ఏకిన దూదే."

నజ్మా తల దించుకుంది.

"అంగట్లో దూది తగ్గుతాందని ఎలకలకు బోను పెట్టినా గదమ్మీ."

నవ్వొచ్చింది నజ్మాకు. ఆ నవ్వు వెనకే ఏడుపు వచ్చింది. "నడకకని చెప్పి ఉరుకుతాండా నాయనా. తిట్టు నన్ను."

"తిట్టేదేంది?" ఆయన సంచి దగ్గరికి లాక్కున్నాడు. "నిన్ను తిట్టే నోరా ఇది?"

సంచిలోంచి చక్కెర పొట్లం తీశాడు. ఊదుకడ్డీలు తీశాడు. అన్నిటికన్నా అడుగున మడిచిపెట్టిన ఆకుపచ్చ దట్టీ తీసి కళ్లకద్దుకున్నాడు. పీరుకు కట్టే గుడ్డ అది. ఇర్షాద్ పడిపోయిన నాడు అతని మీద కప్పిన దట్టీ. పెట్టెలో దాచుకుని శుక్రవారం శుక్రవారం ఊదు వేసేవాడు.

"మీ అన్న పోయినాంక మనింట్లో పీరు ఎత్తే చెయ్యి లేదని పల్లెలో పెద్దోళ్లు మాట్లాడుకుంటాండారు. వచ్చే పండగకు ఇంగో ఇంటికి ఇస్తారంట. మా తాత నాటి నుంచి మనమే ఎత్తుకుంటిమి ఆ స్వామిని. నేను దినామూ ఏడుస్తాండా. బిడ్డను తీసుకుంటివి, మమ్మల్నన్నా ఇడిసిపెట్టొద్దు స్వామీ అని." దట్టీని కూతురి మణికట్టుకు చుట్టి ముడి వేశాడు. "ఇడిసిపెట్టలా. నీ మీదికి వచ్చినాడు. ఆడపిల్ల అని కూడా సూడలా, మనిల్లు మర్సిపోలా."

దొర్నిపాడు దగ్గర వాళ్ల పల్లెలో పీర్ల చావిడి ముందు ఏటా అదే జరిగేది. ఇర్షాద్ పీరు ఎత్తుకుని గుండం చుట్టూ ఉరికేవాడు. చివర్లో కళ్లు పైకి పోయి కూలిపోయేవాడు. స్వామి వచ్చాడని జనం ఆ కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోసేవారు. కాసేపటికి అతను లేచి, ఏమీ గుర్తులేని పిల్లవాడిలా తెల్లమొహం వేసి చూసేవాడు. నోట్లో చక్కెర పోసేవారు. ఆ చక్కెర కోసం హిందువులు, ముస్లిములు అందరూ ఎగబడేవారు. పోయిన పండగలో మాత్రం అతను లేవలేదు.

"చాలు మామా."

ముబశ్శిరా కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చింది. వంగి నజ్మా చెయ్యి పట్టుకుని దట్టీ ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఏందీ? దట్టీ మీద చెయ్యేస్తావా?" హుస్సేన్ పీరా లేచి నిలబడ్డాడు. కోడలి మీద ఆయన గొంతు లేవడం నజ్మా ఎప్పుడూ వినలేదు. "స్వామంటే నీకు భయం ల్యాదా?"

"ఉంది మామా. నేనూ పీరుకు చక్కెర సదివిచ్చినదాన్నే. ఇంట్లో ఊదు ఎయ్యందే పొయ్యి ముట్టించను." ముడి విడింది. గుడ్డను జాగ్రత్తగా మడిచి మామ చేతిలోనే పెట్టింది. "అయితే నజ్మా మీదికి వచ్చింది స్వామి గాదు. ఆయన మీదికి వచ్చింది గూడ గాదు. అది జబ్బు మామా. గుండె జబ్బు."

షెడ్లలో ఉలి చప్పుడు సాగుతూనే ఉంది.

"మారథాన్ ఎందుకు ఇడిసిపెట్టినాడనుకున్నారు? మోకాలు నొప్పా? అంగట్లో పరుపు మోస్తా మోస్తా ఒకసారి పడిపాయె. కర్నూలుకు పిల్సకపోతి. డాక్టరమ్మ అన్ని పరీక్షలు చేసి, ఇది పుట్టుకతో వచ్చింది, రక్తంలో వస్తాది, ఇంగ ఉరకొద్దు అనింది. ఉరికితే గుండె దారి తప్పుతాదంట. మాత్రలు రాసిచ్చింది. ఎదలో మిషను పెట్టాలనింది. పండగ కానీ, పోదాం అనె."

హుస్సేన్ పీరా దట్టీ పట్టుకున్న చేతిని చూసుకుంటున్నాడు.

"తెలిసీ ఎందుకు ఎత్తినాడు పీరు?"

ముబశ్శిరా మిషను వైపు తిరిగింది.

"అడుగుతాండా గదమ్మా. తెలిసీ వాడెందుకు ఎత్తినాడు?"

"నువ్వు కొత్త పంచె కట్టుకుని చావిడి ముందర నిలబడుంటివి మామా. నేను వద్దంటే, మా నాయన మొగం సూడు, ఆ మొగానికి ఎట్ల చెప్పల్ల అనె. ఈ ఒక్క పండగ అయితానే నేనే చెప్తా అనె. గుండం కాడికి ఆడోళ్లను రానియ్యరు. నేను ఎనకాల్నుంచి అరిసినా. తప్పెట్లలో ఎవరికి ఇనపడల్ల?"

నజ్మాకు ఆ రోజు కళ్ల ముందుకొచ్చింది. వదిన అరుపులను ఆమె విన్నది. స్వామి వచ్చాడని భక్తితో అరుస్తోందనుకుంది. అన్ని నెలలుగా అలాగే అనుకుంటూ వచ్చింది.

ముసలాయన మెల్లగా గోడకు ఆనుకుని కిందికి జారాడు. మాట్లాడింది కోడలితో కాదు, కూతురితోనూ కాదు.

"ఆ పొద్దు మన పల్లె ఓబయ్య ఆటో తెచ్చినాడు. పక్కనే నిలిపినాడు. అప్పా, పిల్లోడు నీలంగా అయితాండాడు, ఎక్కిద్దాం పట్టు అనె. నేనే వద్దంటి. స్వామి దిగేదాకా ఎవరూ ముట్టుకోవద్దంటి. ఓబయ్య కాలు పట్టుకున్నట్ల అడిగె. తరిమితి వాన్ని. గంధం పూసినా బిడ్డకు. ఈ దట్టీ కప్పినా. కప్పి, మొక్కుకుంటా కూసుంటి." తలెత్తి ముబశ్శిరాను చూశాడు. "ఆటో ఎక్కిచ్చింటే బతికేటోడా?"

"నాకు తెలీదు మామా."

"డాక్టరమ్మను అడగలేదా నువ్వు?"

"అడగలా." ముబశ్శిరా కొంగుతో మొహం తుడుచుకుంది. "అడిగితే ఏదో ఒకటి చెప్తాది. ఏది చెప్పినా నీతో ఎట్ల బతకల్ల? స్వామి తీసుకపోయినాడని నువ్వు నాలుగు మెతుకులు తింటాంటివి. ఆ మెతుకులు కూడా నా చేత్తో లాక్కోమంటావా? అందుకే నోరు మూసుకున్నా. మూసుకుని, ఈ పిల్ల ఉరుకుతాంటే సూస్తా కూసున్నా. అల్లా నన్ను ఏం జేసినా చెయ్యనీ."

నజ్మా మంచం దిగింది. తండ్రి పక్కన గచ్చు మీద కూర్చుంది. ఆయన చేతిలోని దట్టీ అంచును తానూ పట్టుకుంది, అంతే. కాలువ గట్టు మీద ఇన్నాళ్లూ తన పక్కన ఉరికింది అన్న కాదేమో. అన్నను పడేసినదే తన పక్కన ఉరికిందేమో. ఆ ఆలోచన వచ్చి, గుండె మీద తెలియకుండానే చెయ్యి వేసుకుంది. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. ఏమీ ఎరగనట్టు కొట్టుకుంటోంది.

"నాకూ అదేనా వదినా?"

"పరీక్ష చేస్తేనే తెలుస్తాది. మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినోళ్లు ఎవరన్నా ఉన్నారా అని ఆ డాక్టరమ్మ అడిగింది. ఆయన మీ అమ్మ సంగతి చెప్పె. బోరింగు కాడ బిందె ఎత్తుకుంటా పడిపాయె గదా, గాలి సోకింది అన్నారే. అది గూడ ఇదే అయ్యింటాది అనింది. కూడబుట్టినోళ్లను తీసుకరా, బిడ్డలుంటే బిడ్డలను తీసుకరా అని ఒకటికి పదిసార్లు చెప్పింది."

హుస్సేన్ పీరా పెదవులు కదిలాయి. "హమీదాబీ" అన్నాడు. చచ్చిపోయిన భార్యను తలుచుకున్నాడు.

నజ్మా చెవిలో మాత్రం ఆ పేరు వేరేగా మోగింది. దట్టీ అంచు ఆమె వేళ్లలోంచి జారిపోయింది.

"వదినా. హమీదాకు ఆ పరీక్ష చేయించినావా?"

"యాడ? మొన్న తీసుకపోతే ఆ డాక్టరమ్మ లేదు. వచ్చే వారం రమ్మన్నారు. అందుకే గదా దాన్ని సందులో గూడ ఉరకనియ్యను. పిల్లను కట్టేసి పెడతాండావని నువ్వు నన్ను తిడ్తివి గుర్తుందా?"

గుర్తుంది. నజ్మా నోరు తెరిచింది. తెల్లబూట్లు, ఫోన్లో గుసగుస, చెప్పనని తానిచ్చిన మాట, అన్నీ ఒక్కసారే తోసుకొచ్చాయి. "ఈ రోజు బడిలో..." అని మాత్రం అనగలిగింది.

మిగతాది మైకు చెప్పింది. షెడ్ల అవతల, పెద్దరోడ్డు దాటాక ఉన్న బడి నుంచి, గాలివాటుకు ఒక మాట తేలుతూ ఒక మాట మునుగుతూ వినిపించింది. "రెండో తరగతి పరుగు పందెంలో పేరిచ్చిన పిల్లలు గీత దగ్గరికి రావాలి. వెంకటచరణ్... ఉషశ్రీ... హమీదాబీ..."

ముబశ్శిరా ఆడబిడ్డ ముఖంలోకి చూసింది. ఒక్క చూపు. ఆ చూపులోనే అంతా అర్థమైపోయింది ఆమెకు. మిషను మీది ఫోను అందుకుని బడికి చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? ఫోను అలాగే మంచం మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాటింది.

నజ్మా ఆమె వెనకే లేచింది. ఆరు నెలలు కాలువ గట్టు మీద అరిగిన కాళ్లు అవి. సందు చివరికి వదినకన్నా ముందే చేరగలవు. ఆ సంగతి కాళ్లకు తెలుసు. అడుగు గడప మీద పడిందో లేదో, తండ్రి చెయ్యి మణికట్టును పట్టేసింది. ఏళ్లకేళ్లు దూది ఏకిన చెయ్యి. ముసలిదే గాని పట్టు సడలలేదు.

"నువ్వు ఉరకొద్దు."

"ఇడువు నాయనా. పిల్ల..."

"నువ్వు ఉరకొద్దమ్మీ." ఆయన ఏడుస్తున్నాడు. "నడుసు. నా చెయ్యి పట్టుకుని నడుసు."

సందులో ముబశ్శిరా ఉరుకుతోంది. పరుగంటే ఏమిటో తెలియని పరుగు. చీర కాళ్లకు అడ్డం పడుతోంది, చెక్కిన రాతి పెళ్లలు పాదాల్లో గుచ్చుకుంటున్నాయి, ఒకసారి తూలి షెడ్డు గుంజ పట్టుకుని మళ్లీ లేచింది. ఆమె వెనక, తండ్రి చెయ్యి పట్టుకుని, వట్టి కాళ్లతో, వేళ్ల మధ్య దూదిపోచలు ఇంకా అంటుకుని ఉండగానే నజ్మా నడుస్తోంది. అడుగు తర్వాత అడుగు. నంద్యాల నుంచి సిరివెళ్ల దాకా ఇంత దూరం అనిపించలేదు ఆమెకు.

విజిల్ వినిపించింది.

పిల్లల కేకలు ఒక్కసారిగా ఎగిశాయి. శిల్పులు కూడా ఉలి ఆపి అటు చూశారు. మైకులో ఎవరో ఉత్సాహంగా, "వస్తున్నారు, వస్తున్నారు, తెల్లబూట్ల పాప అందరికన్నా ముందు..." అంటున్నారు.

మాట సగంలోనే మైకు ఆగిపోయింది. కేకలు కూడా ఆగిపోయాయి.